మూతి చూసి వినే దేవదాస్

పరాయి రాష్ట్రంలోని జోల్వాకు వలసపోయి, ఇరవై రెండేళ్లుగా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేస్తున్న దేవదాస్‌కు చెవులు సగమే మిగిలాయి. షెడ్డు మోతలో ఎవరూ మాట వినరు, ఎదుటివాడి పెదవులు చూసి తెలుసుకుంటారు. అందుకే బయట కూడా అతను మనిషి మూతికేసి చూస్తూ నిలబడతాడు. కొత్తవాళ్లు ఏదో అంటుకుందనుకుని మూతి తుడుచుకుంటారు. కరోనా వచ్చి అందరూ మాస్కులు పెట్టుకున్నాక అతనికి లోకమే వినపడకుండా పోయింది. ఎవరేమడిగినా "సూద్దాం" అనడం అలవాటైంది.

రెండో లాక్‌డౌన్ సడలిన వారంలో, అక్కడే ఆటో నడిపే సొంతూరివాడు ఓంప్రకాష్ అతన్ని చాయ్ బండి దగ్గర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తిరిగిపోయి, సొంతూరి దగ్గరి కోరుట్ల బస్టాండు పక్కన వీడియో గేముల దుకాణం పెట్టాలని ఓంప్రకాష్ ఆశ.

"పది దినాలసంది సూద్దాం సూద్దాం అంటున్నవ్. ఇష్టం లేకుంటె లేదని చెప్పన్నా!" అని అరిచాడు.

"నువ్వేమంటున్నవో నాకేం ఎరుక? జర దూరం జరిగి మూతి సూపెట్టు."

ఓంప్రకాష్ నవ్వి, వెనక్కి జరిగి, మాస్కు దించాడు. ఇళ్లలో విసిగిపోయిన పిల్లలు దుకాణం తెరిస్తే విరగబడి వస్తారన్నాడు. దేవదాస్ రెప్ప వేయకుండా చూశాడు. ఊరికి పోవాలంటే సాంచాలు వదలాలి, దాచిందంతా పెట్టాలి.

"మల్ల బంద్ వెడితె?"

ఓంప్రకాష్ పెదవులు కదిలి ఆగాయి. "నాకూ గదే భయమన్నా," అన్నాడు, పక్కనున్న చాయ్‌వాలాకు కూడా వినపడనంత మెల్లగా.

దేవదాస్‌కు ఒక్క అక్షరం పోలేదు.

"గట్లయితె పోదాం తీ," అన్నాడు. "భయం లేనోనితోని నేను పొత్తు వెట్ట."