చంద్రుడి మీద ఉన్నవాడి బిళ్ల

ఒక్క కర్ర కూడా ఆనించకుండా ఆకాశాన్ని నిలబెట్టిన దేవునికి స్తోత్రం. బొగ్గు పొరల అడుగున ఉండే చీకటి సైతం ఎవరి కళ్లకు పట్టపగలో, ఆయన నామానికి మహిమ. మా ఇంటికి ఆయన చేసిన మేలును దాచుకోకూడదని ఇది రాస్తున్నాను.

మాది గోదావరి దగ్గర బొగ్గు గనుల కాలనీ. మా ఆయన ఇరవై ఆరేళ్లుగా భూగర్భ గనిలో పని చేస్తున్నాడు. నిరుడు వానాకాలంలో లోపల పైకప్పు కూలి, ఆయనొక్కడే అవతలి వైపు ఉండిపోయాడు. పదమూడు గంటల తర్వాత బయటికి తెచ్చారు. ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ పదమూడు గంటల గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. తలుపు వేస్తే గదిలో కూర్చోలేడు. ఆదివారం ఆరాధనకు రావడం మానేశాడు. గని వాళ్లు ఇచ్చిన సెలవు అయిపోయేలోగా మళ్లీ గనిలో దిగుతాడో, ఉద్యోగం వదులుకుంటాడో చెప్పాలి. ఆయన చెప్పలేదు, నేను అడగలేకపోయాను.

డిగ్రీ చదివే మా అమ్మాయి సెలవులకు వచ్చి, లాప్‌టాప్‌లో అంతరిక్ష నౌకలు నడిపే ఆట పెట్టింది.

"బాపూ, గిది నడుపు. గోడను సూసుకుంట ఎన్ని రోజులు కూసుంటవ్?"

నాకు నచ్చలేదు. సండే స్కూల్లో పిల్లలకు సెల్లు ఆటలు వద్దని చెప్పేదాన్ని నేనే. కానీ ఆయన ముందుకు వంగి కూర్చోవడం చూసి ఊరుకున్నాను.

ఆ ఆటలో ఉన్నది మన చంద్రుడు కాదు. ఎవరో ఊహించి చేసిన గ్రహం, దాని చుట్టూ తిరిగే బూడిద రంగు చిన్న చంద్రుడు. నాలుగు రోజులు నౌకలను నేలకేసి పగలగొట్టాక, ఐదో రోజు మెల్లగా దింపాడు. తెల్ల సూటు బొమ్మ మనిషి నిచ్చెన దిగి, గెంతుతూ నడిచాడు.

"మన ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల లెక్కనే ఉన్నదే," అన్నాడు మా ఆయన నన్ను పిలిచి. నెలల తర్వాత తనంతట తాను నాతో చెప్పిన మొదటి ముచ్చట అది.

ఆ గుట్ట అవతల ఏముందో చూడాలని నౌకను లేపి అవతల దింపాడు. అక్కడ ఒక లోయ, లోయ దాటితే ఇంకో గుట్ట. దాన్నీ చూడాలనుకున్నాడు. మూడోసారి దిగేసరికి ఇంధనం అయిపోయింది. ఇక తిరిగి రాలేడు.

"ఏం ఫికర్ లేదు బాపూ. గీ బటన్ ఒత్తితే పాత కాడికే పోతం. మల్ల మొదటి సంది ఆడొచ్చు."

ఆయన ఆమె చేయి పట్టి ఆపాడు. "వద్దు బిడ్డా. దిగిన మనిషి దిగినట్టే. పోయి తీస్కరావాలె."

"గాడు బొమ్మనే కదా."

ఆయన వంటింట్లోకి వెళ్లి ఒక సోడా మూత తెచ్చాడు. దానికి బెజ్జం చేసి, క్యాలెండర్ పక్కనున్న మేకుకు తగిలించాడు. గనిలో దిగేవాళ్లు లైట్ల గదిలో తమ నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి టోపీ లైటు తీసుకుంటారు. పైకి వచ్చి లైటు ఇచ్చి బిళ్ల వెనక్కి తీసుకుంటారు. ఇచ్చిన బిళ్లలన్నీ ఆ గదిలోని పలక మీద వేలాడుతుంటాయి; షిఫ్టు అయ్యాక పలక మీద బిళ్ల మిగిలిందంటే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. ఆ రోజు ఆయన బిళ్లను చూస్తూనే నేను పదమూడు గంటలు నిలబడ్డాను.

శుక్రవారం స్త్రీల కూటమిలో ప్రార్థన అంశాలు అడిగితే, నా నోటి నుంచి వచ్చేసింది: "ఒక మనిషి దూరంల చిక్కుకున్నడు. క్షేమంగ తిరిగి రావాలె."

"ఎవలక్కా, దుబాయ్‌లనా?" అంది పక్కన కూర్చున్న చెల్లెలు.

"అంతకన్న దూరం చెల్లె."

అందరూ కళ్లు మూసుకుని కన్నీళ్లతో ప్రార్థించారు. బొమ్మ కోసం అంతమందిని మోకరింపజేశానని ఇంటికి వచ్చి ప్రభువును క్షమాపణ అడిగాను. కానీ ఆ అంశాన్ని వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు ఖాళీ సీటున్న రెండో నౌకను పంపారు. అది దిగింది కానీ రెండు గుట్టల అవతల దిగింది. బొమ్మ మనిషి అక్కడిదాకా నడవాలి. మా ఆయన ఒక మీట మీద వేలు నొక్కి పెట్టి కూర్చున్నాడు. మా అమ్మాయి టీ పెట్టడానికి లేచింది. వాడు బూడిద నేల మీద గెంతుతూ పోతున్నాడు. తెర మీద నుంచి చూపు తిప్పకుండానే ఆయన మాట్లాడాడు.

"మొదటి గంట మొత్తుకున్న. అటెనుక లైటు బంద్ వెట్టిన, బ్యాటరీ మిగులుతదని. ప్రార్థన చేద్దామనుకున్న. ఒక్క మాట రాలే. ఇన్నేండ్ల సంది చేసింది, ఒక్కటి యాదికి రాలే. ఏ మొకం పెట్టుకొని గుడికి రావాలె?"

ఇదా ఇన్నాళ్లూ మోసింది అనుకున్నాను.

"నువ్వు చెయ్యకుంటే ఏమైంది? నేను చేసిన. లైట్ల గది ముంగట నిలవడ్డ మంది అందరు చేసిండ్రు. నీ బిళ్లను సూసుకుంట."

ఆయన మీట మీది వేలు తీయలేదు. బొమ్మ మనిషి రెండో గుట్ట ఎక్కాడు, కింద నౌక కనిపించింది. "అటెనుక పైపు మీద రాయితోని కొట్టిన," అన్నాడు. "అవతలి నుంచి మూడు దెబ్బలు ఇనవడ్డయి. అప్పుడు ఏడ్చిన."

"గదే నీ ప్రార్థన," అన్నాను.

చీకటి పడేలోగా వాడిని ఎక్కించుకున్న నౌక తిరిగొచ్చి, ఆ గ్రహం మీది సముద్రంలో దిగింది. ఆయన లేచి మేకు నుంచి సోడా మూత తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాడు. "ఇగ బటన్ ఒత్తుకో," అన్నాడు. ఆమె నవ్వింది. నేను పక్క గదిలోకి పోయి మోకరించాను.

మరుసటి ఆదివారం ఆయన నా పక్కన కూర్చుని ఆరాధన పూర్తయ్యేదాకా ఉన్నాడు. సోమవారం మొదటి షిఫ్టుకు వెళ్లాడు. మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఏమీ అడగకముందే జేబులోంచి ఇత్తడి బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

స్త్రీల కూటమిలో సాక్ష్యం చెప్పి, ఆ మనిషి ఎవరో ఒప్పుకున్నాను. "మరి మా కన్నీళ్లు?" అని ఆ చెల్లెలు గట్టిగానే అడిగింది. అందరం నవ్వుకున్నాం.

చదువుతున్న మీరూ ఒక్క క్షణం ఆగి నాతో కలిసి అడగండి: తండ్రీ, ఇంకా పలక మీద ఎవరి బిళ్ల వేలాడుతున్నదో, వారిని వెతికి తీసుకురా. నోట మాట రానివారి తరఫున మాటలాడే నోళ్లను మాకు ఇవ్వు. ఆమేన్.