బిట్‌కాయిన్ మిషను ముందు కొబ్బరి చేట

"ఈ వయసులో మీకెందుకండీ ఇవి?" అని మా బావమరిది నలుగురిలో నవ్వినప్పుడే పట్టుబట్టాను. రాత్రింబవళ్లు లెక్కలు కట్టి బిట్‌కాయిన్ సంపాదించే ఆ చిన్న మిషన్ని ఆగకుండా నడిపి అతనికి చూపించాలి. ఒక పుస్తకం చివరిదాకా చదవని మనిషి చేత మాటపడటం నావల్ల కాదు.

అది వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోందని ఈ ఉదయం దాని వేగం కాస్త తగ్గించి, ఫ్యాను పెంచాను. వేడి అదుపులోకి వచ్చింది. వెంటనే బావమరిదిని భోజనానికి పిలిచాను.

అతను వచ్చేసరికి మిషను వేడెక్కిపోయి ఆగిపోయింది. వెళ్లి చూద్దును కదా, వేడిగాలి బయటికొచ్చే చోట అడ్డంగా ఒక చేట, చేటనిండా కొబ్బరి ముక్కలు!

"వారం నుంచి ముసురు కదండీ. మీ మిషను గాలికి చక్కగా ఎండుతున్నాయని పెట్టేను" అంది మా ఆవిడ.

బావమరిది ఒక ముక్క కొరికి చూశాడు. "ఆయ్, బాగానే పనిచేస్తోందండి బావగారూ. మాదీ ఓ బస్తా పంపమంటారా?"

చేట తీసేసి, మిషను చల్లారాక మళ్లీ వేశాను. అతను పెరుగన్నంలోకి వచ్చేసరికి అది నిలకడగా నడుస్తోంది. అతను అటు చూడనేలేదు. కొబ్బరి పొట్లం కట్టించుకుని వెళ్లిపోయాడు.

రేపు మళ్లీ భోజనానికి రమ్మన్నాను. ఈసారి పీట మిషనుకి ఎదురుగానే వేస్తాను. ఈలోగా ఆ కొబ్బరి ఇంకెక్కడైనా ఎండబెట్టుకోమని మా ఆవిడకి మీలో ఎవరైనా చెప్పగలరా? నాకంత ధైర్యం లేదు.