పండుకునే క్లాసు

మా ఇంటి ముందరి మడిగెలో, అదే షట్టర్ గదిలో, కృపారాణి క్లాసు మొదలైంది, నాకు నెత్తినొప్పి మొదలైంది. తప్పు ఆమెది కాదు, వచ్చే ఆడవాళ్లది. మడిగె నాది, నా పేరు సుమిత్ర. రోజూ అరుగు మీద కూర్చొని కళ్లారా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

కృపారాణిది చందుర్తి వైపు. భర్త పోయాక, పాలు మరిచిన బిడ్డ వందనను తల్లి దగ్గర వదిలి దుబాయ్ పోయింది. అక్కడ ఆడవాళ్ల జిమ్ములో నేల తుడిచే పని. తుడుస్తూనే ఒక కసరత్తును చూసింది. చాప మీద పండుకొని, ఊపిరితో పాటు కాళ్లూ చేతులూ ఆడిస్తూ నడుముకు బలం తెచ్చుకోవడం. పిలాటీస్ అంటారట. అక్కడి టీచరమ్మకు ఈమె మీద గురి కుదిరి, చివరికి తన పక్కన నిలబెట్టుకొని నేర్పించేంతదాన్ని చేసింది. కొన్నేళ్లకు తిరిగొస్తే వందన తల్లిని గుర్తుపట్టక అమ్మమ్మ కొంగు చాటుకు పోయింది. ఇక విమానం ఎక్కేది లేదని కృపారాణి అప్పుడే గట్టిగా అనుకుంది. బిడ్డను తీసుకొని మా కోరుట్లకొచ్చి, క్లాసుకు నా మడిగె, ఉండటానికి దాని వెనకగది అడిగింది. ఈ క్లాసు నడిస్తే బిడ్డ దగ్గర ఉంటుంది, నడవకపోతే మళ్లీ దుబాయే.

కోరుట్లలో నడుం నొప్పి లేని ఆడమనిషిని చూపించండి. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని వంగి బీడీలు చుట్టేవాళ్లే కదా. అందుకే వచ్చారు. వచ్చి ఆమె ప్రాణం తోడేశారు. పండుకొని చేసేది కాబట్టి పండుకునే క్లాసు అని పేరు పెట్టారు. కాళ్లెత్తమంటే, పెద్దవాళ్ల వైపు కాళ్లెట్లా చాపుతామని చాపలన్నీ అటూ ఇటూ తిప్పుకునేవారు. పక్కామెకు కాలు తగిలితే కసరత్తు ఆపి, లేచి, ఆమెను తాకి కళ్లకద్దుకునేవారు. ఈ హడావుడిలో ఇంకొకరికి తగిలేది, మళ్లీ మొదలు. ముత్తమ్మ అయితే చాట వెంట తెచ్చుకొని మధ్యలో లేచి బీడీలు చుట్టేది. కృపారాణి ఓపిగ్గా మళ్లీ మొదటి నుంచి చెప్పేది. నాకే అరికాలి మంట నెత్తికెక్కేది.

అయినా గుణం కనిపించింది. గోడ పట్టుకొని లేచే ముత్తమ్మ చక్కగా లేచి నిలబడసాగింది. వందన బడి నుంచి నేరుగా మడిగెకే వచ్చి, మూలన చాప పరుచుకొని, అందరి కంటే బాగా చేసేది. తల్లి పక్కన తప్ప పండుకునేది కాదు. దుబాయ్ టీచరమ్మ ఫోన్ చేసి వీసా పంపుతానంటే, కృపారాణి నా ముందరే నవ్వుతూ వద్దంది. ఆ నవ్వు చూసి నాకూ కడుపు నిండింది.

అంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. రోడ్డు మీద టెంటు. ఎవరి పని వాళ్లు అక్కడే చేస్తూ నిరసన తెలపాలన్నారు. దర్జీలు మిషన్లు తెచ్చి కుట్టారు, మంగలి వాళ్లు గడ్డాలు గీశారు, బీడీల వాళ్లు బీడీలు చుట్టారు. ఇక ముత్తమ్మకు బుద్ధి పుట్టింది, మన క్లాసు కూడా రోడ్డు మీద పెడదామని.

"వద్దక్కా," అంది కృపారాణి. "మొగోళ్ల ముందట పండుకుంటే మీ ఇండ్లల్ల ఊకుంటరా? క్లాసు ఖరాబైతది. నాకు గిదొక్కటే ఆధారం."

"తెలంగాణ కోసం జేస్తే ఎవలేమంటరు చెల్లె? నీకే పేరస్తది," అంది ముత్తమ్మ.

నేనూ వద్దని మొత్తుకున్నాను. వింటేనా! మరునాడు చాపలు చంకన పెట్టుకొని పోయి, ఆమె లేకుండానే రోడ్డు మీద పండుకొని కాళ్లు లేపారు. అదీ అడ్డదిడ్డంగా. నడుములు పట్టేస్తాయని భయపడి కృపారాణి ఉరికింది. వంగి ముత్తమ్మ మోకాలు సరిచేస్తుంటే ఎవరో ఫోటో కొట్టారు. తెల్లారి పేపర్లో అదే.

మా ఊరి మగవాళ్లు సగం మంది దుబాయ్‌లోనే కదా. ఆ ఫోటో మనకంటే ముందు అక్కడికి పోయింది. ఆడవాళ్లు రోడ్డు మీద పండుకోవడమేమిటని ఇంటింటికీ ఫోన్లు. సాయంత్రం క్లాసుకు ఒక్కరు రాలేదు. మరునాడూ రాలేదు. ఒకామెకు జ్వరమట, ఇంకొకామెకు చుట్టాలట. నేను ఊరుకుంటానా, ఇంటింటికీ పోయాను. రాములవ్వ అయితే క్లాసుకొచ్చే తన కోడలిని గడప దాటనివ్వకుండా తలుపు దగ్గరే పీట వేసుకొని కూర్చుంది. కొడుకు అక్కడ నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాడట. ముత్తమ్మేమో, "మా ఆయన ఒట్టు పెట్టించుకున్నడక్కా," అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మన ఊళ్లనే మనకు పని గావాలె అని టెంటు కింద గొంతులు పోయేటట్టు అరిచినం గదా ముత్తమ్మా," అన్నాను. "పని చేసుకునే పిల్లను మనమే వెళ్లగొడుతున్నం."

ఆమె ఏడ్చింది. ఏడ్చింది గానీ రాలేదు.

కృపారాణి చాలా రోజులు షట్టర్ ఎత్తి, చాపలు పరిచి, ఎదురుచూసింది. సమ్మె కూడా ముగిసింది. ఒకనాడు టీచరమ్మకు తనే ఫోన్ చేసింది. ఇంకొన్నాళ్లు ఆగమని నేను బతిమాలితే, "ఎవలకు నేర్పాలె అక్కా, గోడలకా?" అంది.

వెళ్లే రోజు జీపు వచ్చి నిలబడింది. అప్పుడొచ్చారమ్మా, అందరూ! క్లాసుకు రానివాళ్లంతా, రాములవ్వతో సహా. చేతుల్లో ఏమిటనుకున్నారు? మామిడికాయ తొక్కు డబ్బాలు, సర్వపిండి మూటలు. దుబాయ్‌లో తమ మగవాళ్లకు ఇవ్వాలట. దుబాయ్ పోయే మనిషి చేతికి ఇంటింటికీ ఒక మూట ఇవ్వడం మా దగ్గర రివాజే. కానీ ఏ మొగుళ్లు ఫోన్లు చేసి ఈమె క్లాసు మూయించారో, వాళ్లకేనా? కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు. డబ్బాలు లాగి బయట పడేయబోతే కృపారాణి నా చేయి పట్టుకుంది.

"ఉండనియ్యి అక్కా. ఆళ్లు రూముల్ల ఏం తింటరో నేను జూసిన." తన బట్టలు కొన్ని తీసి నా చేతిలో పెట్టి, ఆ జాగాలో డబ్బాలు సర్దింది.

మళ్లీ అమ్మమ్మ దగ్గరికి పోవాల్సిన వందన మడిగె వెనకగదిలో గడియ పెట్టుకుంది. కృపారాణి తలుపు మీద చేయి పెట్టి పిలిచింది. బిడ్డా, ఒక్కపారి ముఖం జూపియ్యి అంది. వందన గడియ తీయలేదు. జీపు డ్రైవర్ హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. కృపారాణి తలుపుకు ఒకసారి నుదురు ఆనించి, వెనక్కి చూడకుండా పోయి జీపెక్కింది.

దుమ్ము అణగక ముందే ముత్తమ్మ నా దగ్గరికొచ్చింది. "అక్కా, తొక్కు డబ్బా నిలువుగనే పెట్టిందా? నూనె కారుతదేమో," అంది.

తలుపు అవతల వందన అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.