భోషాణం పక్కన కొత్త కుర్చీలు

1966లో నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ట్రిమ్మర్‌గా ఉండేవాణ్ణి. ట్రిమ్మింగ్ అంటే రైలుపెట్టెల్లో సీట్లకు, బెర్తులకు కొబ్బరిపీచు కూరి, పైన రెక్సిన్ బిగించే పని. డ్యూటీ దిగాక ఖరిదాలో మా ఇంటి వరండాలో కూర్చుని సోఫాలూ కుర్చీలూ చేసి ఇచ్చేవాణ్ణి. మన తెలుగువాళ్ళ క్వార్టర్లలో ముందుగది కాస్త అందంగా ఉండాలన్న ధ్యాస అప్పుడప్పుడే మొదలవుతోంది. పనికి కరువుండేది కాదు.

ఆ పనుల్లో సుశీలమ్మ గారి ఇల్లు నాకు మరపురానిది. ఆవిడ రైల్వే బడిలో టీచరు. భర్త సూర్యనారాయణ మా షాపులోనే ఫిట్టరు, నాకు స్నేహితుడు. హిజ్లీలో ఒక ఐఐటీ ప్రొఫెసరు గారింట్లో సన్నకాళ్ళ కుర్చీలూ పొట్టి టీపాయీ చూసి వచ్చినప్పటినుంచి, తన ముందుగది కూడా అలాగే ఉండాలని ఆవిడ గంపెడాశ పెట్టుకుంది. అడ్డంకి ఒక్కటే. ఆ గదిలో సగం భోషాణానిదే.

శ్రీకాకుళం వైపు పాత ఇళ్ళలో ఉండే రకం అది. చక్రాల మీద నిలబడ్డ పెద్ద టేకుపెట్టె. ముందు పలకల మీద చిలకలూ లతలూ చెక్కారు. లోపల ఇత్తడి సామానూ బట్టలూ ఉండేవి. దాని మూతే సుశీలమ్మ అత్తగారు పైడమ్మ గారి పడక. ఉన్నది రెండు గదుల ఇల్లు, లోపలి గదిలో దంపతులూ పిల్లలూ సర్దుకునేవారు.

“అన్నయ్య గారూ, దీన్ని అమ్మించేసి ఆ జాగాలో సోఫా వెయ్యండి. అత్తమ్మకి వరండాలో మడతమంచం వేయిస్తాను,” అంది సుశీలమ్మ.

పైడమ్మ గారు భోషాణం మీంచి కదల్లేదు. “పెట్టె పోతే పోనీ నాయనా. నాను ఈ గదిలోంచి పోనాక నన్నెవులు పలకరిత్తారు? వరండాలో సెప్పులుంటాయి, గొడుగులుంటాయి. ఆటి పక్కన నానూనా?” అంది.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. సుశీలమ్మ చెడ్డదేమీ కాదు. బడి నుంచి ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి చోటులేక ఆవిడ పడే అవస్థ నేనూ చూశాను. ఇద్దరి మాటా నెగ్గాలంటే ఏం చెయ్యాలా అని టేపు పట్టుకుని ఆ పెట్టె చుట్టూ తిరిగాను.

చక్రాలు తీసేస్తే అది సరిగ్గా డివాన్ ఎత్తుకు దిగుతుంది. డివాన్ అంటే పగలు కూర్చోవడానికీ రాత్రి పడుకోవడానికీ పనికొచ్చే వెడల్పాటి బల్ల. మూత తెరవాలి కాబట్టి మెత్తలు మేకులతో బిగించకుండా విడిగా పరచాలి. కొత్త కుర్చీలు సుశీలమ్మ కోరినట్టే సన్నకాళ్ళవి చేసి, పాలిష్ మాత్రం భోషాణం రంగులో పట్టిస్తే పాతదీ కొత్తదీ ఒక ఇంటి మనుషుల్లా ఉంటాయి.

ఇదంతా ఆవిడకు వివరించాను. “ఠీక్ హై, చెయ్యండి. బాగోకపోతే మాత్రం అమ్మేయడమే. ముందే చెప్తున్నాను,” అంది సుశీలమ్మ.

ఒక ఆదివారం అన్నీ తీసుకెళ్ళి అమర్చాను. గోల్‌బజార్‌లో ఏరి కొన్న ముదురాకుపచ్చ రెక్సిన్, సమానదూరంలో గుండీలు, అంచుల చుట్టూ పైపింగ్, అంటే కుట్టు కనబడకుండా వేసే గుండ్రటి పట్టీ. ఎక్కడా ముడత లేదు. సూర్యనారాయణ చేత్తో నిమిరి, “అదిరిపోనాది గురూ!” అన్నాడు. నాకూ ఛాతీ ఉప్పొంగింది.

సుశీలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. “అన్నయ్య గారూ, ఇది డివానా, బెర్తా? ఈయన పొద్దల్లా రైలుపెట్టెల్లోనే ఉంటారు. ఇంటికొచ్చినా రైలుపెట్టేనా?”

అప్పుడు చూశాను. అచ్చం ఫస్ట్ క్లాస్ బెర్తే. ఇన్నేళ్ళూ చేసిన పని నా చేతులు నన్నడక్కుండా మళ్ళీ చేసేశాయి. మా ఇద్దరు మగాళ్ళ కళ్ళకూ ఆనలేదు, అందం అంటే మాకు అదే మరి. పాపం ఆ పెద్దావిడ చోటు నా చేతుల మీదుగానే పోయిందే అని మనసు చివుక్కుమంది.

పైడమ్మ గారు మెల్లగా వచ్చి దానిమీద మఠం వేసుకుని కూర్చుంది. అటూ ఇటూ చూసింది. “నాయనా, టిక్కెట్టు సూపించమని ఎవులైనా వత్తారేటి?” అంది.

సుశీలమ్మ నవ్వు ఆపుకుందామని మొహం తిప్పుకుంది కానీ ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. ఆవిడ్ని చూసి అత్తగారూ నవ్వింది. వాళ్ళిద్దరూ కలిసి నవ్వగా నేను చూడటం అదే మొదలు.

తర్వాత పైడమ్మ గారు దిగి, మెత్తలు పక్కకు తోసి, మూత ఎత్తి, మడతలు పెట్టిన జంపఖానా ఒకటి బయటికి లాగింది. ఇటుకరంగు మీద నీలం చారలు, మందపాటి నేత. “ఇది పరిత్తే బండి పోలిక పోద్దేమో సూడు కోడలా.”

సుశీలమ్మ దాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళింది. “ఇలాటిదే ఆ ప్రొఫెసరు గారింట్లో గోడకి వేలాడదీసినారు అత్తమ్మా.”

“గోడకెందుకే? గోడకి సలేత్తాదేటి?”

రెక్సినూ గుండీలూ అక్కడే విప్పేశాను. మెత్తలకు సాదా తెల్లటి నేతగుడ్డ కుట్టి, పైన జంపఖానాను కత్తిరించకుండా మడిచి పరిచాం. ఆనుకునే దిండ్లకు నీలం గుడ్డ సుశీలమ్మే ఎంచింది. చిలకల పలకలు మాత్రం నూనెతో తుడిచి వదిలేశాను. గది కుదిరింది. సన్నకాళ్ళ కుర్చీలు ఆ పాత టేకు పక్కన మునుపటికన్నా సొగసుగా కనిపించాయి.

కొన్నాళ్ళకు ఒక కుర్చీకాలు సరిచేయడానికి వెళ్ళాను. నేనుండగానే సుశీలమ్మ బడి హెడ్‌మిస్ట్రెస్, ఒక బెంగాలీ దీదీ, వచ్చింది. భోషాణం మీద కూర్చున్న పైడమ్మ గారు పైట సర్దుకుంటూ లోపలికి పోదామని లేవబోయింది.

సుశీలమ్మ వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. “నువ్వెందుకు లేస్తావత్తమ్మా? కూకో. దీదీ నీ పక్కనే కూకుంటారు.”

ఆ తర్వాత చాలా ఇళ్ళకు పనిచేశాను. గది కుదిరిందో లేదో తెలుసుకోవడానికి కొలతలూ రంగులూ చూడటం మానేశాను. చుట్టం గుమ్మంలోకి రాగానే ఆ ఇంట్లో ఎవరు లేచి పోవాల్సి వస్తోందో చూసేవాణ్ణి.