బెన్‌హర్ గారి వాల్వులు

‘వెచ్చని సౌండు’ అన్న మాట వింటే చాలు, బెన్‌హర్‌కు ఒళ్ళు మండుతుంది. ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో ఇప్పుడు దానికో మీట ఉంది. పాట ఎంత బండగా వచ్చినా కంప్యూటర్‌లో ఆ మీట నొక్కేసి, వెచ్చబడిందని చేతులు దులుపుకుంటారు. పాటంటే చల్లారిన కూరా అని ఈయన అడిగితే, పెద్దాయన ఏదో అంటున్నాడులే అని నవ్వుకుంటారు. తెనాలి నుంచి వచ్చి సగం జీవితం ఆ గాజు కిటికీల వెనక కూర్చుని పాటలు మిక్స్ చేసిన మనిషి. ఆయన్ని పెద్దాయన్ని చేసి ఓ మూల కూర్చోబెట్టడానికి మాత్రం వీళ్ళకు ఎంతోసేపు పట్టలేదు.

కొన్నేళ్ళుగా సన్మానసభలకూ సంతాపసభలకూ తప్ప ఆయన్ని పిలిచినవాడు లేడు. అలాంటిది ఆ వేసవిలో జూబ్లీ హిల్స్ నుంచి వేంకటరమణ అనే నిర్మాత పిలిపించి, “మా సినిమాలో పాటలన్నీ మీ చేతిమీదుగానే వెళ్ళాలి బెన్‌హర్ గారూ” అన్నాడు. బెన్‌హర్ ఇంటికి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా ఆంప్లిఫయరు మీద గుడ్డ తీశాడు.

పాతకాలం రేడియోల్లోలాగా గాజు వాల్వులతో పనిచేసే ఆంప్లిఫయరు అది. తన చేత్తో తనే కట్టుకున్నాడు. స్టూడియోలో చేసిన పాటను ఇంటికి తెచ్చి దాని మీద వినడం, తప్పులు పట్టడం, మర్నాడు వెళ్ళి దిద్దడం ఆయన పద్ధతి. దాన్ని చాదస్తమన్నవాళ్ళున్నారు, అననివ్వండి. ఆ చాదస్తంతో దిద్దిన పాటలకే ఊళ్ళల్లో పెళ్ళిపందిళ్ళు ఊగిపోయాయి. ఇప్పుడు మాత్రం చివరి వాల్వులు రెండూ ముసలివైపోయి, ఆడగొంతులన్నీ జలుబు చేసినట్టు వినిపిస్తున్నాయి.

వాటిని కొత్తవాళ్ళు ట్యూబులంటారు. బెన్‌హర్ ఎప్పుడూ వాల్వులనే అన్నాడు, ఆయన భార్య ప్రేమకుమారికీ అదే అలవాటైంది.

ముందు చైనావి తెప్పించి పెట్టి చూశాడు. తాళాలు గాజు మీద గోరు గీసినట్టున్నాయి. తీసేసి రష్యావి పెట్టాడు. డోలు బ్రహ్మాండంగా పలికింది గానీ, పాడే అమ్మాయి పక్కింట్లోకి వెళ్ళిపోయి పాడుతున్నట్టుంది. “మనిషి గొంతు మనిషి గొంతులా ఉండాలి గానీ ఈ డబడబలెందుకు?” అని వాటినీ పెరికేశాడు. ఆయనకు కావలసింది బెంగుళూరులో ఒకప్పుడు తయారైన పాతరకం. అవి కూడా జోడీ కుదరాలి. ఒకటి బలంగా, ఒకటి నీరసంగా ఉంటే పాట ఒక పక్కకు కుంటుతుంది. అలాంటి పాత సరుకు ఎర్రగడ్డలో ఆదివారం సంతలో దొరకవచ్చని ఎవరో చెబితే, చర్చి మానుకుని అటు వెళ్ళాడు.

చర్చిలో, అన్నగారు రాలేదేమని పాస్టరుగారు అడిగారు. ప్రేమకుమారి ఉన్నమాటే చెప్పింది.

“వాల్వులు పోయాయండీ. ఎర్రగడ్డకు వెళ్ళారు.”

ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి ఉన్న సంగతి ఎవరికి తెలియదు? పాస్టరుగారు ఇంకో మాట అడగలేదు. ఆరాధన ముగిసేలోగా బెన్‌హర్ గుండె వాల్వుల కోసం సంఘమంతా మోకరించింది. “గుండె కాదండీ, పాటల పెట్టెలోవి” అని ప్రేమకుమారి చెప్పిన మాట ఆ ప్రార్థనల హోరులో కొట్టుకుపోయింది. ఆ సంఘంలో డబ్బింగు చెప్పేవాళ్ళున్నారు, మేకప్ వాళ్ళున్నారు. సాయంత్రానికల్లా కబురు ఫిల్మ్‌నగర్ అంతా తిరిగింది.

బెన్‌హర్ బంగారంలాంటి జోడీ సంపాదించుకుని, ఈలవేస్తూ వస్తే, గేటు దగ్గర వాచ్‌మన్ జంగయ్య అడ్డం నిలబడ్డాడు.

“సార్, జర ఆగుండ్రి. మెట్లెక్కకుండ్రి. సంచి గిటియ్యుండ్రి, నేను తెస్త.”

“ఎందుకయ్యా?”

“గుండె మంచిగ లేదంట గద సార్. ఫికర్ చెయ్యకుండ్రి, మా బావకు గిట్లనే అయింది. మంచిగనే ఉండె.” కాసేపు ఆలోచించి జంగయ్య ఇంకో మాట కలిపాడు. “రెండేండ్లు.”

ఆ రాత్రి ప్రేమకుమారి చర్చిలో జరిగింది చెబితే బెన్‌హర్ నవ్వాడు. బెంగుళూరు జోడీ పెట్టి వింటే కోరస్‌లో ఒక్కో ఆడగొంతూ విడివిడిగా, పక్కనే నిలబడి పాడినట్టు వినిపించింది. ఆ సంతోషంలో ఊరి మాటలు ఆయనకు పట్టలేదు. మూడోనాడు నిర్మాత ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. “సార్ ఆరోగ్యం దృష్ట్యా” పాటల పని వేరేవాళ్ళకు అప్పగించామని, విశ్రాంతి తీసుకోమని ఎవరో అమ్మాయి చెప్పింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

ఒక్క మాట అడిగి తెలుసుకోవడానికి ఈ ఊళ్ళో ఒక్కరికీ నోరు రాలేదా? పళ్ళు పట్టుకొచ్చినవాళ్ళున్నారు, ఉప్పు తగ్గించమన్నవాళ్ళున్నారు, ఏ డాక్టరు ఏం చెప్పాడని అడిగినవాడు లేడు. బెన్‌హర్ ఉడికిపోతూ జూబ్లీ హిల్స్‌కు బయల్దేరాడు.

వేంకటరమణ లేచి ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తెప్పించాడు.

“నా గుండెకేం కాలేదండీ. పోయింది ఆంప్లిఫయరులో వాల్వులు. జనం ఏదో అనుకున్నారు.”

“అయ్యో, అలాగా? పోన్లెండి, మంచి వార్త చెప్పారు. కానీ పని మొదలైపోయింది. ఈసారికి ఇలా కానివ్వండి.” గుమ్మం దాకా సాగనంపుతూ, ఏదో ఒకటి పలకరించాలి కాబట్టి అడిగాడు. “ఇంతకీ ఆ బెంగుళూరు జోడీ దొరికిందా?”

బెన్‌హర్ ఆగిపోయాడు. పని ఒప్పుకున్న రోజు ఇదే గదిలో, వాల్వులు ముసలివయ్యాయని, బెంగుళూరు జోడీ దొరికితే బాగుండునని తనే చెప్పాడు. అప్పుడు వేంకటరమణ ఫోను చూసుకుంటుంటే, వినలేదనుకున్నాడు.

“మీకు తెలుసన్నమాట.”

వేంకటరమణ తలుపు దగ్గరగా వేశాడు. “హీరోగారు మిక్సింగుకు తన కుర్రాణ్ణి తెచ్చుకున్నారండీ. మీకేమని చెప్పను? ఊరంతా గుండె అంటోంది. మీకూ గౌరవంగా ఉంటుందని ఊరుకున్నాను.”

“పనికిరానని చెప్పినా పడేవాణ్ణి. వేరేవాణ్ణి పెట్టుకున్నామని చెప్పినా పడేవాణ్ణి. ఇప్పుడు నేను ఎవరి గుమ్మం ఎక్కినా రోగిష్టివాణ్ణేనండీ. మీ సినిమా మీరు తీసుకున్నారు, సరే. తక్కినవాళ్ళ సినిమాలు కూడా మీరే తీసేసుకున్నారు.”

“అంత మాట ఎందుకండీ. కోపం మీకు మంచిది కాదు. డ్రైవరుతో దింపిస్తాను, నిదానంగా వెళ్ళమంటాను.”

వద్దని చెప్పి బెన్‌హర్ ఎండలో నడిచే బయల్దేరాడు. ఫిల్మ్‌నగర్ వైపు ఆ ఎత్తు ఎక్కుతుంటే కోపానికి గుండె దడదడలాడింది, ఆయాసం కూడా వచ్చింది. ఓ గోడకు ఆనుకుని కాసేపు నిలబడాలనిపించింది. పక్కనుంచి పోయే కార్లలో సగం తనను ఎరిగినవాళ్ళవే. ఆనుకోలేదు, చొక్కా సర్దుకుని ఇంకాస్త వేగంగా నడిచాడు.