తడి మట్టికి కరెంటు తగలదట!

తడి మట్టికి కరెంటు తగలదని తేల్చి, నాకు రావలసిన వైరింగు పని మా బామ్మర్దికి ఇచ్చేశారు. నర్సీపట్నంలో, పట్టపగలు, పదిమంది ముందు జరిగిన అన్యాయం ఇది.

ఆ రోజుల్లో న్యాయం మన పక్కనుంటే గెలుపూ మనదేనని నమ్మేవాణ్ణి, వయసు అలాంటిది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నేను పుస్తకాలు చదివి, షాకులు తిని కరెంటు పని నేర్చుకున్నవాణ్ణి. బామ్మర్దికి ఐటీఐ సర్టిఫికెట్టుంది (ఫ్రేము కట్టించాడు కూడా). మా వీధిలో వీడియో గేముల షాపాయన కొత్త గదికి మారుతున్నాడు. ఆ వైరింగు ఇద్దరికీ కావాలి. ఆటల పిచ్చి గల ఆ పెద్దమనిషి, "గొడవెందుకు మేస్త్రీగారూ, ఒక ఆట ఆడండి. గెలిసినోలదే పని. ఒక్క జంతువు పడిపోయినా ఓడిపోయినట్టే" అన్నాడు.

వింత జంతువులు కొట్టుకునే ఆట అది. నిప్పు, నీరు, మట్టి, మెరుపు అని వాటికి జాతులు. ఏ జాతి దెబ్బ ఏ జాతికి ఎంత తగులుతుందన్నదే కిటుకు. నాకు మెరుపు పిల్లి, నీటి కప్ప. బామ్మర్దికి మట్టి దున్న. పిల్లిని వదిలి పిడుగు వేయించాను. "ఏమీ కాలేదు" అని తెర మీద పడింది! దున్న తిరిగి కుమ్మితే పిల్లి కొనప్రాణంతో మిగిలింది. నాకు ఒళ్ళు మండింది. కరెంటును భూమిలోకి దింపే ఎర్తింగు గొయ్యి ఎండితే సరిగా లాగదని, బిందెడు నీళ్ళు పోయాలని ఊరందరికీ చెప్పిందే నేను. కప్పను దింపి నీళ్ళు కొట్టించాను. ఒక్క దెబ్బకు దున్న ప్రాణం ముప్పావు వంతు పోయింది.

"మల్లీ నీల్లే కొట్టీండి, బేగి!" అని షాపాయన అరిచాడు.

"మీకు తెలీదు, ఉండండి. మట్టి తడిసింది" అని, కప్పను తీసి, మళ్ళీ పిల్లితో పిడుగు వేయించాను. ఏమీ కాలేదు. దున్న కుమ్మింది. పిల్లి పోయింది, పనీ పోయింది.

అప్పటినుంచి ఏ పెళ్ళిలో కనిపించినా వాణ్ణి నిలదీస్తూనే ఉన్నాను. నవ్వి తప్పుకునేవాడు. నిచ్చెనలెక్కడం ఇద్దరం మానేశాం. మొన్న ఆదివారం చర్చి వరండాలో చెప్పులు వెతుక్కుంటూ మళ్ళీ అడిగాను: "ఏరా, తడి మట్టికి కరెంటు ఎందుకు తగల్లేదు?"

వాడు నా చెప్పులు వెతికి నా కాళ్ళ ముందు పెట్టి అన్నాడు:

"తగల్లేదని ఎవుడన్నాడు బావా? తగిలింది. మట్టి తాగీసింది. ఇన్ని ఇళ్ళకి ఎర్తింగేసినావు, ఏ గొయ్యయినా 'అమ్మో' అందేటి?"