బీన్ బ్యాగులో పెదనాన్న

ఆ రోజుల్లో మనిషి విలువంతా అతని వెనకున్న గోడలోనే ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆఫీసు మూసేసి అందరినీ ఇళ్ల నుంచి పనిచేయమన్నారు. నేను రేపల్లెలో మేనత్త ఇంటి ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకున్నాను. వీడియో కాల్లో తోటివాళ్ల వెనక తెల్లటి సోఫాలు, పుస్తకాల అరలు, కుండీల్లో మొక్కలు కనిపించేవి. నా వెనక బీరువా, దాని మీద ఆవకాయ జాడీలు, పక్కన దండెం మీద అత్తయ్య చీరలు. ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకే నోరు పెగిలేది కాదు. మాట్లాడమంటే "నెట్ సరిగ్గా లేదండి" అని కెమెరా ఆపేసేవాణ్ణి. (నెట్ బ్రహ్మాండంగా ఉండేది.)

ఇంటి అలంకరణ మారిస్తే ఆత్మవిశ్వాసం పెరుగుతుందని ఫోన్లో ఎవరో చెబుతుంటే విని, ఒక ఆదివారం తెనాలి వెళ్లి గోడకు వేయడానికి బూడిదరంగు పెయింటు డబ్బా, జానెడు ఎత్తు బల్ల, ఎర్రటి బీన్ బ్యాగు తెచ్చాను. (అంటే థర్మోకోల్ పూసలు నింపిన పెద్ద సంచి. కూర్చున్నవాణ్ణి మింగుతుంది.) బీరువా, కుర్చీలు వెనకగదిలోకి పోయాయి. గోడకు రంగు వేశాక అత్తయ్య చాలాసేపు చూసి, "ఏంట్రా ఇది? సిమెంటు పూసి వదిలేసినట్టుంది" అంది. సాయంత్రం పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే ఆగి, "అయ్యో, మేస్త్రీ మధ్యలో మానేశాడా వదినా?" అని జాలిపడింది. నేను చలించలేదు. ఆ గోడ ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటే భుజాలు వాటంతటవే నిటారుగా లేచాయి మరి!

అసలు పరీక్ష గురువారం వచ్చింది. నా ఉద్యోగం పర్మనెంటు చేయాలా వద్దా తేల్చడానికి, అప్పటిదాకా చేసిన పని గురించి వీడియో కాల్లో అందరి ముందూ పెద్ద సారుకు పావుగంట వివరించాలి. నమస్కారం పెట్టి మొదలుపెట్టానో లేదో, బాపట్ల నుంచి పెదనాన్న దిగారు. ఆయన నిండైన మనిషి. కుర్చీ కోసం చుట్టూ చూసి, కనబడక, పూర్తి నమ్మకంతో బీన్ బ్యాగు మీద కూర్చున్నారు. సంచి ఆయన్ని నడుము దాకా మింగేసింది.

"ఒరేయ్ అబ్బాయ్! ఇదేంట్రా, లోపలికి పోతున్నా!"

వంటింట్లోంచి అత్తయ్య పరిగెత్తుకొచ్చి ఒక చెయ్యి పట్టుకుంది. నేను పెద్ద సారును వదిలేసి రెండో చెయ్యి పట్టుకున్నాను. "మెల్లగా అమ్మాయ్, చెయ్యి ఊడొస్తుంది!" అని ఆయన అరుస్తుండగానే సంచి కుట్టు పర్రుమంది. పైన ఫ్యాను జోరుగా తిరుగుతోంది. గదంతా తెల్లటి పూసలు. నా జుట్టులో, అత్తయ్య కొప్పులో, పెదనాన్న మీసాల్లో.

"ఏంటి బాబూ, రేపల్లెలో మంచు పడుతోందా?" అన్నారు పెద్ద సారు. అందరూ ఘొల్లుమన్నారు.

పెదనాన్న దులుపుకుంటూ లేచి, తెర చూసి చేతులు జోడించారు. "నమస్కారమండి. టిఫిన్ చేశారాండి? మావాడు బాగానే చేస్తాడండి, కొంచెం సిగ్గరి. తమరే చూసుకోవాలండి."

భూమి చీలితే బాగుండుననిపించింది. కానీ చిత్రమేమిటంటే, దాచుకోవడానికి ఇక ఏమీ మిగలకపోయేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది. మధ్యమధ్యలో పూసలు ఉమ్ముకుంటూ, పావుగంట ఎక్కడా తడబడకుండా చెప్పాను. "ఇంత గొంతుందా నీకు? ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా?" అన్నారు సారు. ఉద్యోగం నిలబడింది. (ఆ నెలంతా పప్పులోనూ పూసలే వచ్చాయి.)

ఇప్పుడు తెనాలిలో మాకో చిన్న ఫ్లాటుంది. మొన్న హాలుకు ఏ రంగు వేయిద్దామని మా ఆవిడ అడిగితే, "గోడదేముంది, మనిషి ధైర్యంగా ఉండాలి గానీ" అని పెద్దమనిషిలా చెప్పాను. పాపం, నమ్మింది. మర్నాడు తను బజారుకు వెళ్లగానే ఫోను పట్టుకుని హాల్లో నాలుగు మూలలా నిలబడి, ఎక్కడ కాస్త బాగా కనబడతానో చూసుకున్నాను.

కిటికీ పక్కన పర్వాలేదు.